తెలుగు నుంచి తెలుగులోకి

భద్రాచలం అవతల, అడవి మొదలయ్యే పల్లెల్లో నాకు ఏడు భాషలు వచ్చని ఒకప్పుడు గట్టి పేరు. ఆ పేరు పుట్టించింది వేరెవరో కాదు, నేనే. తెలుగు, ఉర్దూ, కోయ, ఒడియా, మలయాళం, ఇంగ్లీషు, ఇంకా డాక్టరమ్మ భాష. నిజం చెప్పాలంటే తెలుగు వచ్చు. ఉర్దూ బజారు పనికి సరిపడా వచ్చు. కోయలో కడుపునొప్పి నుంచి పాముకాటు దాకా వచ్చు. ఒడియాలో, మలయాళంలో నవ్వడం వచ్చు. ఇంగ్లీషు మందు సీసాల మీద ఉన్నంత. మిగిలింది డాక్టరమ్మ భాష. అది మాత్రం నిజంగానే వచ్చు, అందులో నాకు పోటీ లేదు.

ఆ భాషే ముసలితనంలో నన్ను వదిలేసింది. వదిలేసిందని డాక్టరమ్మకు చెప్పకముందే ఆమె నన్ను ఒకటి అడిగింది, నేను అవ్ అవ్ అన్నాను. ఏమడిగిందో తెలియకుండానే అన్నాను. నా మాట నమ్మి ఆమె ఒక పూటంతా లాడ్జి మెట్ల మీద కూర్చుంది. ఆ పూట నన్నింకా వదల్లేదు.

డెబ్బయ్యవ దశకం మొదట్లో అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో కాంపౌండరుగా చేరాను. రెండు గదులు, ఒక రేకుల వరండా, ఒక జీపు. నడిపేది ఎక్కడో చలి దేశం నుంచి వచ్చిన డాక్టరమ్మ. నాకంటే కొంచెం పెద్ద. పెళ్లి లేదు, పిల్లలు లేరు. వచ్చేముందు అక్కడెవరో పాతకాలపు పుస్తకం పెట్టి ఆమెకు తెలుగు నేర్పారు. నేర్పినవాళ్లు బతికున్న తెలుగువాణ్ణి ఎన్నడూ చూడలేదేమో అని నా అనుమానం. ఆమె నోట్లో త, ట ఒకటే. ఏది పొట్టి అక్షరమో ఏది పొడుగు అక్షరమో ఆ పూట గాలిని బట్టి ఉండేది. మాట చివర ఎక్కడ పైకి లేపాలో అక్కడ దించేది, దించాల్సిన చోట లేపేది. దాంతో ప్రశ్న జవాబులాగా, జవాబు ప్రశ్నలాగా వినపడేది.

నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన బల్ల మీద కూర్చున్నాడు. ఆమె వంగి, ఎంతో ప్రేమగా అడిగింది.

"నీ ఉదరమందు నొప్పి కలుగుచున్నదా?"

"అవ్ అవ్," అన్నాడు పెద్దాయన.

ఆమె పొట్ట నొక్కి చూసింది. అతను ఓపిగ్గా నొక్కించుకున్నాడు. నేను ఉండబట్టలేక "తాతా, కడుపు నొస్తున్నదా?" అన్నాను.

"కడుపెందుకు నొస్తది? మోకాలు."

డాక్టరమ్మ నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి నాకు మందులు కలపడం కంటే పెద్ద పని దొరికింది. ఆమె పక్కన నిలబడి తెలుగు నుంచి తెలుగులోకి చెప్పడం. ఆమె చెప్పేది, నేను మళ్లీ చెప్పేవాణ్ణి, రోగి తలూపేవాడు. రోగి చెప్పింది ఆమెకు చేరడానికి కూడా నేనే కావాల్సి వచ్చేది, ఎందుకంటే మన మాట ఆమె పుస్తకంలో లేదు. నడుమ నేను కొంచెం ఉప్పూ కారం కలిపేవాణ్ణి. "నీళ్లు కాచి తాగవలెను" అని ఆమె అంటే, "కాచకుండ తాగినవంటే పెద్ద సూది పొడుస్తనంటుంది డాక్టరమ్మ" అని చెప్పేవాణ్ణి. జనం భయపడి కాచుకునేవాళ్లు. ఆమె ఇంత సౌమ్యంగా చెబితే వీళ్లెందుకిలా బెదిరిపోతున్నారో ఆమెకు చాలాకాలం అంతుపట్టలేదు.

మొదట్లో నాకూ ఆమె మాట పలకల మీద గులకరాళ్లు పోసినట్టే ఉండేది. ఒక వానాకాలం గడిచేసరికి కొత్త చెప్పు కాలికి అలవాటైనట్టు చెవికి అలవాటైపోయింది. ఎలా అలవాటైందో చెప్పలేను. ఒకసారి చర్ల దారిలో జీపు ఆగిపోతే, ముందుకు నడిచిన నాకు పులి ఎదురొచ్చిందనీ, కేక పెట్టి తరిమేశాననీ ఊళ్లలో చాలాసార్లు చెప్పాను. అది పులి కాదు, అడవిపంది. తరిమింది కూడా అదే. కానీ పరుగెత్తుతూ ఉండగా జీపులోంచి డాక్టరమ్మ అరిచిన "వృక్షము నెక్కుము" అనే మాట ఒక్క ఊపిరిలో అర్థమైంది చూశారా, అది మాత్రం నిజం. నేను వృక్షము నెక్కాను.

సెలవుల మీద వచ్చే వాళ్ల దేశం మనుషులకు ఆమె నన్ను చూపించి ఏదో చెప్పేది. తర్వాత నాతో తెలుగులో అనేది, "ఈ లోకములో నా తెలుగు ఎరిగినవాడు ఇతడొక్కడే అని చెప్పితిని." నన్ను తమ్ముడా అని పిలిచేది. ఇరవయ్యేళ్లు పనిచేశామని అందరికీ చెబుతుంటాను. పదిహేను కూడా నిండలేదు. ఎనభయ్యో దశకం సగం దాటాక దవాఖానా మూతపడింది. ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. నేను ఖమ్మం వచ్చి, ఖానాపురం హవేలిలో ఇల్లు కిరాయికి తీసుకుని, ఒక మందుల షాపులో కుదురుకున్నాను.

చెవుల సంగతి అక్కడే బయటపడింది. మా వీధి చివర మలయాళీ ఆయన టైర్లకు పంక్చర్లు వేసేవాడు. అతనితో రోజూ ముచ్చట పెట్టేవాణ్ణి. ఒక ఏడాది ఉన్నట్టుండి అతని తెలుగు నాకు అందడం మానేసింది. నాలుక మీద ఏదైనా పుండు లేచిందా అని అడిగితే, అతను నా మొహంలోకి చూసి ఏదో అన్నాడు. అదీ అందలేదు. షాపుకు వచ్చే రాజస్థాన్ సేటు మాట కూడా అలాగే అయింది. మా ఆవిడ వంటింట్లోంచి గొణిగినా వినపడేది. మధిర నుంచి వచ్చిన బంధువులు అందరూ ఒకేసారి మాట్లాడినా తెలిసేది. పరాయి నోటి తెలుగు మాత్రం నీళ్లలో ముంచి తీసిన కాగితంలా అయిపోయింది.

ఖమ్మంలో చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి కీచుమనే చప్పుళ్లు వినిపించాడు. ఈ వయసుకు బాగానే ఉందన్నాడు. మరి ఇదేంటని అడిగితే, కుర్రాడైనా ఓపికగా చెప్పాడు. అలవాటైన మాటలో సగం వినపడకపోయినా మిగతా సగం మనమే లోపల నింపేసుకుంటామట. పరాయి యాసలో అలా నింపుకోవడానికి ఉండదు, ప్రతి చప్పుడూ వినాలి, విన్నదాన్ని సర్దుకోవాలి. వయసు మీదపడ్డాక సర్దుకోవడం ఆలస్యమవుతుంది. సర్దుకునేలోపు ఎదుటివాడు తర్వాతి మాటకు వెళ్లిపోతాడు. పక్కన ఫ్యానో ఆటోనో మోగిందంటే అంతే. ఇంకోసారి చెప్పమని అడగండి, మొహం చూస్తూ వినండి అన్నాడు.

బయటికొచ్చి మా ఆవిడతో చెవులు ఇరవయ్యేళ్ల కుర్రాడివిలా ఉన్నాయన్నాడని చెప్పాను.

తొంభయ్యో దశకం చివర్లో ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు టాక్సీ ఆగింది. డాక్టరమ్మ దిగింది. జుట్టంతా తెల్లబడి, ఒళ్లు సగమైపోయింది. వెంట మేనకోడలట, ఒక్క ముక్క తెలుగు రాదు. నేను పరుగెత్తుకెళ్లి చేతులు పట్టుకున్నాను. ఆమె "తమ్ముడా" అంది. అది తెలిసింది. అదొక్కటే తెలిసింది.

వరండాలో కూర్చున్నాం. పైన ఫ్యాను కటకటమంటోంది, వీధిలో ఆటోలు, లోపల కుక్కరు. ఆమె మాట్లాడుతోంది. ఆ గొంతు, ఆ ఎత్తుపల్లాలు అన్నీ నాకు తెలిసినవే. పాత ఇంట్లో అడుగుపెడితే గోడలన్నీ అక్కడే ఉండి సామాను ఒక్కటీ లేనట్టుంది. నాకు చెమటలు పట్టాయి. ఇంకోసారి చెప్పమని అడగాలి. చెవుల డాక్టరు చెప్పింది అదే. కానీ ఎవరిని అడగడం? లోకంలో నా తెలుగు ఎరిగినవాడు ఇతడొక్కడే అని చెప్పుకున్న మనిషిని, నీ తెలుగు తెలియడం లేదు మళ్లీ చెప్పమని ఎలా అడుగుతాను?

అవ్ అన్నాను. నవ్వాను. ఆమె కళ్లు పెద్దవైతే నేనూ పెద్దవి చేశాను. ఆమె తల పంకిస్తే నేనూ పంకించాను. నడుమ నడుమ నేను కూడా మాట్లాడాను, పాత జీపు గురించి, అడవిపంది గురించి. ఆమె కూడా నవ్వింది. ఎంతసేపు అలా గడిచిందో. చివరికి ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని, నెమ్మదిగా, పొడుగ్గా ఒక మాట అడిగింది. అడిగి ఆగింది. ఆగిందంటే జవాబు కావాలి.

"అవ్ అవ్, తప్పకుండ," అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. "నువ్వడగాల్నా డాక్టరమ్మా," అని కూడా అన్నాను.

ఆమె మొహం వెలిగింది. లేచి వెళ్లిపోయింది.

నాలుగైదు రోజులకు ఆ టాక్సీ డ్రైవరు మా షాపుకు తలనొప్పి మాత్రలకు వచ్చాడు. కొత్తగూడెం కుర్రాడు, తండ్రి బొగ్గుబాయిలో చేసేవాడు. నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

"ఏంది సారు, ముసలామెను గట్ల కూసోబెడ్తరా?"

నాకు అర్థం కాలేదన్నాను. ఈసారి నిజంగానే. అతను చెప్పుకొచ్చాడు. ఆ రాత్రికి వాళ్లు భద్రాచలంలో లాడ్జిలో దిగారు. తెల్లారగానే ఆమె టోపీ పెట్టుకుని, గుడ్డబూట్లు కట్టుకుని లాడ్జి మెట్ల మీద కూర్చుంది. పాత దవాఖానా ఊరికి పోవాలి, అక్కడివాళ్లను చూడాలి. పోదాం పదండి అని ఇతను అంటే, తమ్ముడు మొదటి బస్సుకు వస్తానన్నాడు, అతను లేకుండా నేను మాట్లాడితే వాళ్లకు తెలియదు అందట. ఖమ్మం బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడిందట. మేనకోడలు నీడలోకి రమ్మన్నా కదల్లేదట. మధ్యాహ్నం దాటాక ఇంక కొత్తగూడెం స్టేషనుకు పోకపోతే రైలు తప్పుతుందని బలవంతంగా ఎక్కించుకుపోయారు.

"వస్తనని చెప్పి రాకపోతే ఎట్ల సారు?"

"ఆమె మాట నీకు తెలిసిందా?" అన్నాను.

"తెల్వకేంది? జర పుస్తకం లెక్క మాట్లాడుతది గని, మంచిగనే సమజైతది."

మాత్రలు ఇచ్చి లోపలికి పోయి స్టూలు మీద కూర్చున్నాను.

ఆమెకు ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికి రెండే ఉన్నాయి. నీ మాట నాకు తెలియలేదని నిజం చెబితే, ఆమె లెక్కలో ఈ లోకంలో తన తెలుగు ఇంకెవరికీ చేరదన్నట్టే, ఉన్న ఒక్క చెవీ పోయిందన్నట్టే. చెప్పకపోతే, మాటిచ్చి ఎగ్గొట్టిన మనిషిగా మిగులుతాను. ఏ దెబ్బ చిన్నదో చాలా రోజులు తూచాను. చివరికి మా అబ్బాయి చేత ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయించి పంపాను. ఆ రాత్రి నాకు చలిజ్వరం వచ్చింది, లేవలేకపోయాను అని. మూడోది కూడా రాయమన్నాను, ఒళ్లు కాలిపోతున్నా బస్టాండు దాకా నడిచి పడిపోయానని. మా అబ్బాయి ఆ వాక్యం రాయలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక చిన్న పార్శిలు వచ్చింది. లోపల ఒక క్యాసెట్టు, అంతే. టేపురికార్డరులో పెట్టాను. డాక్టరమ్మ గొంతు వరండా అంతా నిండింది. తెలుగే. వరదలో గోదావరి మోతలా ఒకటే హోరు.

"నేను విని చెప్తలే, ఇటు తే," అంది మా ఆవిడ.

వద్దన్నాను. ఇది నాకు వచ్చింది, నేనే వినాలి. మా ఆవిడ రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు చేటలో బియ్యం ఏరుతూ అంది.

"నేను చెప్పేది ఒక్కసారికే చెవిన పడదు. ఆమెదైతే అరిగిపోయేదాక ఇంటవు."

ఆ వానాకాలమంతా మధ్యాహ్నాలు ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, చెమటలు కారుతూ ఆ క్యాసెట్టు విన్నాను. కొంచెం వినడం, వెనక్కి తిప్పడం, మళ్లీ వినడం. మనిషిని అడగలేనిది మిషనును అడగడానికి సిగ్గు ఉండదు. మొదట మా దవాఖానా ఊరి పేరు తేలింది. తర్వాత "జ్వరము". తర్వాత ఒకరోజు, నా పని నేను చేసుకుంటూ ఉండగా, ఒక పూర్తి వాక్యం గడప దాటి లోపలికి వచ్చినట్టు వచ్చింది. నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"తమ్ముడా, నీకు జ్వరము రాలేదని నేనెరుగుదును."

వెనక్కి తిప్పాను. మళ్లీ అదే అంది.

ఆ ముందుది అందుకోవడానికి చాలా రోజులు పట్టింది. మీ జనులు ఒక్కసారి అవ్ అన్నయెడల తెలిసినదని అర్థము, రెండుసార్లు అవ్ అవ్ అన్నయెడల తెలియలేదు గాని మర్యాద కొరకు అనుచున్నారు. ఇది దవాఖానాలో మొదటి సంవత్సరమే నేర్చితిని అంది. ఆ మోకాలి నొప్పి ముసలాయన దగ్గర నేర్చుకుంది కాబోలు. పెద్దవాళ్ల ముందు తెలియలేదనడం మా వైపు అమర్యాద. అందరం చేసేదే అది. ఆమె ముందు రోగులు చేస్తుంటే నడుమ నిలబడి నవ్వినవాణ్ణి, నేనూ అదే చేశాను.

మరి తెలిసి కూడా ఎందుకు కూర్చుందని నేను అడక్కముందే ఆమె చెప్పింది. "నీకు తెలియలేదని నా బుద్ధి ఎరిగినది. అయినను కూర్చుంటిని. ఒకవేళ తెలిసియుండునేమో అని."

ఆ వాక్యం తెలిసిన రోజు ఇక వినలేదు.

మర్నాడు దాని తర్వాతది విన్నాను. నీవు చెప్పినది కూడా నాకు తెలియలేదు అంది. అడవిపంది కథ చెప్పుచున్నావని నీ చేతులు చూచి గ్రహించితిని. నా చెవులు కూడా వృద్ధములైనవి. వాటికి మీ తెలుగు చాలా వేగము. నేను కూడా నవ్వితిని, తల ఊపితిని. మనమిద్దరము మంచి మర్యాద గలవారము.

క్యాసెట్టులో ఇంకా కొంచెం మిగిలి ఉండగానే వాళ్ల దేశం నుంచి కార్డు వచ్చింది. మా అబ్బాయి చదివాడు. డాక్టరమ్మ చనిపోయింది. తేదీ చూస్తే, నేను "జ్వరము" అనే మాట పట్టుకుని సంబరపడుతున్న రోజుల్లోనే. ఆ తర్వాత నాకు తెలిసిన ప్రతి వాక్యమూ పోయిన మనిషి చెప్పిందే.

మా ఆవిడ క్యాసెట్టును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేయమంది. పోయినవాళ్ల గొంతు ఇంట్లో తిరగనీయకూడదని ఆమె భయం. నాకూ భయం లేకపోలేదు. ఫ్యాను ఆపిన గదిలో క్యాసెట్టులోంచి డాక్టరమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినపడేది. అయినా మిగిలిన కొంచెం వినాలి.

నవ్వుతూ చెప్పుకుంటాను గానీ, ఆ మిగిలింది నాకు మొత్తం తెలిసిందని ఒక ఏడాది పాటు అందరితో చెప్పాను. ఆమె నన్ను మెచ్చుకుందనీ, నా అంత తెలివైనవాణ్ణి చూడలేదందనీ కల్పించాను. తెలిసింది కొంచెమే. ఆ ఊరివాళ్ల గురించి ఏదో అడిగింది. ఎవరి సంగతో పట్టుకోలేకపోయాను. చివర్లో ఒక మాట స్పష్టంగా ఉంది. "ఇప్పుడు నీవు చెప్పుము." ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. దూరంగా ఒక పిట్ట, మన దగ్గర వినపడని పిట్ట. కుర్చీ కిర్రుమనడం. నా జవాబుకు చోటు వదిలి, వింటున్నట్టుగా అలా కూర్చుంది. అవతల ఎవరూ లేరని తెలుసు. అయినా ఆ నిశ్శబ్దంలో నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాలేదు.

మొదటిసారి క్యాసెట్టు ఆపేశాను. రెండోసారి మా ఆవిడ వాకిట్లో ఉందేమో చూసుకున్నాను. తర్వాత, బల్ల మీద కూర్చున్న రోగితో చెప్పినట్టు, పక్కన ఉన్నవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాను.

"నాకు సమజ్ కాలే, డాక్టరమ్మా. మళ్ల ఒకసారి చెప్పు."

చెప్పి, వెనక్కి తిప్పే మీట నొక్కాను. ఆమె విసుక్కోలేదు. ఊరివాళ్ల గురించి అడిగింది మొదటి నుంచి, అదే ఓపికతో, మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. నేను ముందుకు వంగి విన్నాను.